క్రైస్తవ రాజుల కింద మధ్యయుగ ముస్లింలు: పన్నులు, పత్రాలు, తీర్పులు (సెమినార్ కోసం అడుగుతున్నా)

బైరాగిపట్టెడ

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఎమ్మే హిస్టరీ చదువుతున్నాను. వచ్చే నెల సెమినార్‌లో నాకిచ్చిన టాపిక్ ఇదీ: మధ్యయుగాల్లో క్రైస్తవ పాలనలో ముస్లింలు. ఇరవై నిమిషాలు మాట్లాడాలి, ఆపైన పది నిమిషాలు ప్రశ్నలు. ఢిల్లీ సుల్తానులు ముస్లిమేతరుల దగ్గర వసూలు చేసిన జిజియా (తల పన్ను) గురించి చదువుకున్నాం గానీ, పన్ను కట్టే వైపు ముస్లింలు ఉన్న చరిత్ర మా సిలబస్‌లో ఎక్కడా తగల్లేదు.

దొరికిన నోట్సులు రెండు రకాలు. ఒక రకం "మూడు మతాలూ (క్రైస్తవం, ఇస్లాం, యూదు మతం) కలిసిమెలిసి బతికాయి" అంటుంది. ఇంకో రకం "గెలిచిన రోజు నుంచే తరిమేశారు" అంటుంది. రెండూ నమ్మబుద్ధి కావడం లేదు. ఏయే ప్రాంతాలు తీసుకోవాలి? పన్ను ఎంత, ఎవరికి కట్టేవాళ్లు? తగవులొస్తే తీర్పు ఎవరిది? చివరికి ఎందుకు చెడింది? తెలిసినవాళ్లు కాస్త లెక్కలతో చెప్పండి సార్.

కట్టమంచి చెరువు

అమ్మా, ముందు సరిహద్దు గీసుకో. యూరప్ మొత్తం చెప్పబోతే ఇరవై నిమిషాలు రాజుల పేర్లకే చాలవు. మూడు చోట్లు తీసుకో: స్పెయిన్‌లో అరగోన్ రాజ్యం (పోలిక కోసం పక్కన కాస్టీల్), నార్మన్ల (ఉత్తర ఫ్రాన్స్ నుంచి వచ్చిన క్రైస్తవ యోధులు) సిసిలీ, పాలస్తీనా తీరంలో క్రూసేడర్ల రాజ్యం. మూడు చోట్లా నువ్వడిగిన ప్రశ్నలకి జవాబు చెప్పే రాతలు మిగిలి ఉన్నాయి.

ప్రతిచోటా ఒకే ప్రశ్న వేసుకుంటూ పో: ఈ ముస్లిం రైతు కట్టే పన్ను ఎవరి పెట్టెలో పడుతోంది? రాజుదా, ప్రభువుదా, చర్చిదా? వాళ్లను నిలబెట్టింది ఎవరి దయా కాదు, ఆ రాబడి. దాన్ని తినేవాడు బలంగా ఉన్నన్నాళ్లు వాళ్ల మసీదు, ఖాజీ, పొలం నిలిచాయి. ఆ చెయ్యి మారినచోట, లేదా వాళ్లని ఉంచుకోవడం కంటే అమ్మేస్తేనే లాభమని రాజు తేల్చుకున్నచోట అన్నీ పోయాయి.

ఇక స్పెయిన్. ఇక్కడ అంతా మొదలయ్యేది లొంగుబాటు పత్రంతో. ముట్టడి సాగే కొద్దీ లోపల తిండి, బయట సైన్యానికి జీతం రెండూ కరిగిపోతాయి. అందుకని ఊరి పెద్దలూ రాజూ షరతులు రాసుకునేవాళ్లు. చదవడానికి బాగా పనికొచ్చేది తుదేలా పత్రం. అరగోన్ రాజు మొదటి అల్ఫోన్సో 1118లో సరగోసా పట్టుకున్నాడు, మరుసటి ఏడాది తుదేలా ఆయన చేతికొచ్చింది. షరతులు ఇవీ. ఊళ్లోని ముస్లింలు ఒక ఏడాది తమ ఇళ్లలోనే ఉండొచ్చు. ఏడాది నిండగానే సామానుతో గోడ బయటి పేటకు మారాలి. పెద్ద మసీదు కూడా ఆ ఏడాది వరకే వాళ్లది. పొలాలు వాళ్లవే, పంటలో పదో వంతు కడితే చాలు. అమ్ముకున్నా తాకట్టు పెట్టుకున్నా అడ్డు లేదు. ముస్లిం రాజ్యాలకు పోదలచినవాళ్లు నేలమార్గంలోనో నీటిమార్గంలోనో పోవచ్చు. వాళ్లలో వాళ్లకు తగవొస్తే వాళ్ల ఖాజీయే తీరుస్తాడు. ముస్లిం మీద నేరం మోపితే ముస్లిం సాక్షులు కావాలి, క్రైస్తవుడి సాక్ష్యం ఒక్కటీ చెల్లదు. బలవంతంగా యుద్ధానికి తోలకూడదు. క్రైస్తవుడెవడూ వాళ్ల ఇంట్లోకో తోటలోకో దౌర్జన్యంగా జొరబడకూడదు.

ఆ ఏడాది గడువు దగ్గర కాసేపు ఆగి చూడు. గెలిచిన రాజుకి కోట, గోడ లోపలి ఇళ్లు వెంటనే కావాలి. కానీ వాటిలో దిగే క్రైస్తవ కుటుంబాలు ఉత్తరం నుంచి రావాలి కదా. అంతవరకు కొలిమి ఆగకూడదు, అంగడి మూతపడకూడదు, విత్తిన పంట కోతకు రావాలి. గడువు అందుకే. అది ముగిసేసరికి ఊరి లోపలి భాగం కొత్తవాళ్లది, బయటి పేట, చుట్టుపక్కల పల్లెలు పాతవాళ్లవి. సెమినార్‌లో బోర్డు మీద గీస్తే ఈ ఒక్క బొమ్మ చాలు, అరగోన్‌లో మిగతా ఊళ్లు దాంతోనే అర్థమవుతాయి.

వలెన్సియా దీనికి పెద్ద ఉదాహరణ. అరగోన్ రాజు మొదటి జేమ్స్ 1238 సెప్టెంబరులో నగరం తీసుకున్నాడు. నగరవాసులకు ఇరవై రోజులు గడువిచ్చి, మోసుకోగలిగినంత సామానుతో దక్షిణానికి పంపేశాడు. పల్లెల జోలికి మాత్రం పోలేదు. పోలేకపోయాడు కూడా, ఎందుకంటే దున్నేవాళ్లు లేరు. 1270లో ఆయనే చెప్పుకున్నాడు: రాజ్యంలో క్రైస్తవులు 30,000 మందే ఉన్నారు, పట్టు నిలవాలంటే లక్ష మంది కావాలి అని. ముప్పై ఏళ్లు గడిచినా అదీ పరిస్థితి. అందుకే 1242లో ఎస్లిడా లోయ ముస్లింలకు ఇచ్చిన పత్రం అంత ఉదారంగా కనిపిస్తుంది. నమాజు చేసుకోవచ్చు, పిల్లలకు ఖురాన్ చెప్పించుకోవచ్చు, తమ ధర్మం ప్రకారమే తీర్పులు, తమ ఇష్టం లేకుండా క్రైస్తవుడు గానీ మతం మారినవాడు గానీ ఆ ఊళ్లలో కాపురం పెట్టకూడదు. పన్ను కళ్లంలోనే తీసుకుంటారు: గోధుమ, బార్లీ, కొర్ర, అవిసె, పప్పుధాన్యాలు, అన్నింట్లో ఎనిమిదో వంతు.

నీళ్ల సంగతి వదలొద్దు. వలెన్సియా కాలువలు ముస్లింల కాలంలో పెరిగినవి. జేమ్స్ వాటిని ఊరివాళ్లకి రాసిచ్చినప్పుడు కూడా "సారసీనుల కాలంలో ఎలా పారిందో అలాగే" పారాలన్నాడు. సారసీనులంటే అప్పట్లో క్రైస్తవులు ముస్లింలని పిలిచిన పేరు. కారణం మన చిత్తూరు చెరువు కింద రైతులకి చెప్పనక్కర్లేదు. నీరుగంటిని మార్చేసి, వంతుల లెక్క తెలియనివాణ్ని తూము దగ్గర నిలబెడితే ఆ పైరు ఏమవుతుందో వాళ్లకి తెలుసు. రాజు మారినా వంతు మారకూడదు, మారితే పన్ను రాదు.

ఎక్కడ చెడుతుందంటే, పత్రం ఇచ్చేది రాజు, దాన్ని తొక్కేది పక్కింట్లో దిగిన కొత్తవాడు. టోలెడో 1085లో కాస్టీల్ రాజు ఆరో అల్ఫోన్సోకి లొంగింది, పెద్ద మసీదు ముస్లింలకే ఉంటుందని మాటిచ్చాడు. తర్వాతి వృత్తాంతం ప్రకారం రాజు ఊళ్లో లేని సమయం చూసి ఆర్చిబిషప్ బెర్నార్డ్, రాణి కాన్‌స్టన్స్ కలిసి దాన్ని చర్చి చేసేశారు. మాట నిలిచింది ఏడాదో, ఆపైన కాస్తో. రెండో రకం దెబ్బ మూర్సియాది. 1243 ఒప్పందంతో కాస్టీల్ కిందికి వచ్చింది. వలసదారులు ఒక్కో షరతూ కొరుక్కుంటూ వచ్చారు. 1264లో తిరుగుబాటు లేచింది. 1266లో అరగోన్ జేమ్స్ వచ్చి అణిచి ఊరిని కాస్టీల్‌కి అప్పజెప్పాడు. "మీరు తిరగబడ్డారు కాబట్టి పాత పత్రం చెల్లదు" అన్నారు. మిగిలిన ముస్లింలు అర్రిషాకా అనే శివారు పేటకు మారాల్సి వచ్చింది. ఈ వరస గుర్తుపెట్టుకో: షరతు తొక్కుతారు, ఓపిక నశించి తిరగబడతారు, తిరగబడ్డారు కాబట్టి పత్రం రద్దు. గ్రనడాలోనూ అచ్చం ఇదే.

గాంధీరోడ్డు

సిసిలీ నేను అందుకుంటాను.

నార్మన్లు 1061లో దిగారు, 1072లో పలెర్మో, 1091లో చివరి ఊరు నోటో పడింది. నీ సెమినార్‌కి ఇక్కడ దొరికే గట్టి అంశం జిజియా. అంతకుముందు ముస్లిం అమీర్లు క్రైస్తవుల దగ్గర తీసుకున్న అదే పన్నును, అదే పేరుతో, నార్మన్ రాజులు ముస్లింల దగ్గర వసూలు చేశారు. కొత్త ఏర్పాటేదీ చేయలేదు. దీవాను అనే పాత పద్ధతి కచేరీ, అరబ్బీ రాయసగాళ్లు. పత్రాలు అరబ్బీ, గ్రీకు, లాటిన్ మూడు భాషల్లో.

ఆ కచేరీ తయారుచేసిన జాబితాలు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. వాటిని జరీదా అంటారు. ఒక భూమిని ప్రభువుకో మఠానికో ఇచ్చేటప్పుడు దాంతోపాటు వచ్చే కుటుంబ పెద్దల పేర్లన్నీ అరబ్బీలో రాసి, కిందో పక్కనో గ్రీకులోనో లాటిన్‌లోనో మళ్లీ రాసేవాళ్లు. పేరు జాబితాలోకి ఎక్కిందంటే ఆ మనిషి ఆ నేలకీ ఆ యజమానికీ కట్టుబడ్డట్టే. కాబట్టి రాజభవనంలో అరబ్బీ వైభవం, అల్ ఇద్రీసీ అనే పండితుడు రాజు రెండో రోజర్ కోసం 1154లో ముగించిన ప్రపంచ భూగోళం ఇవన్నీ చెప్పేటప్పుడు, పొలంలో ఉన్నవాడి పేరు ఏ కాగితం మీద ఉందో కూడా చెప్పాలి. లేకపోతే "కలిసిమెలిసి బతికారు" నోట్సు మళ్లీ చదివినట్టే.

పైన కట్టమంచి గారు చెప్పిన ప్రశ్న సిసిలీకి బాగా అతుకుతుంది. నార్మన్ రాజు రెండో విలియం మోన్‌రియాలే మఠం కట్టించి, పడమటి సిసిలీలో జాతో, కోర్లియోనే, కలత్రాసీ ప్రాంతాలు దానికి రాసిచ్చాడు. హద్దుల పత్రం 1182 నాటిది, లాటిన్‌లోనూ అరబ్బీలోనూ ఉంది. అక్కడి రైతుల్లో అత్యధికులు ముస్లింలు. అప్పటిదాకా రాజు మనుషులుగా ఉన్నవాళ్లు ఒక్క సంతకంతో మఠం మనుషులయ్యారు. 1189లో విలియం వారసుడు లేకుండా చనిపోగానే పలెర్మోలో ముస్లింల మీద దాడులు జరిగాయి, జనం పడమటి కొండల్లోకి పారిపోయారు. కొండకోటల్లో మూడు దశాబ్దాలకు పైగా ఎవరి మాటా వినకుండా ఉన్నారు. తర్వాత సిసిలీ రాజైన రెండో ఫ్రెడరిక్ 1220ల నుంచి వాళ్లను అణచి, విడతలుగా ఇటలీ ముఖ్యభూమి మీద అపూలియాలోని లుచేరాకు తరలించాడు.

లుచేరాని కచ్చితంగా చెప్పు. చుట్టూ క్రైస్తవ దేశం, దగ్గర్లో ముస్లిం రాజ్యం లేదు, మధ్యలో ఒక ముస్లిం పట్టణం. వాళ్లకి రాజు తప్ప దిక్కు లేదు, అది ఫ్రెడరిక్‌కి తెలుసు. అక్కణ్నుంచే విలుకాళ్లను తన సైన్యంలోకి తీసుకున్నాడు; పోప్‌తో ఆయనకి తగాదా, వాళ్లకేమో పోప్ శాపం అంటే భయం లేదు కదా. జిజియా, భూమి పన్ను రెండూ నేరుగా ఆయనకే. ఫ్రెడరిక్ వంశం పడిపోయాక 1268లో లుచేరా కొత్త రాజు మొదటి చార్లెస్ మీద తిరగబడింది. 1269లో లొంగదీసుకున్నాడు గానీ ఊరిని ఉంచాడు, పన్ను కావాలి కాబట్టి. ఆయన కొడుకు రెండో చార్లెస్ అప్పుల్లో ఉన్నాడు. 1300 ఆగస్టులో ఊరిని మూసి, ఆస్తులు లాక్కుని, జనాన్ని బానిసలుగా అమ్మించాడు. మసీదు చోట కెథెడ్రల్ లేచింది. మతం పేరు ముందు పెట్టుకున్నా, ధాన్యం, పశువులు, మనుషులు అన్నింటి అమ్మకం లెక్కలు రాజు కచేరీ రాసుకుంది.

క్రూసేడర్ల రాజ్యం గురించి క్లుప్తంగా చెప్తా. 1099లో జెరూసలేంలో ఊచకోత, ఆపైన ముస్లింలూ యూదులూ నగరంలో నివాసం ఉండకూడదన్న నిషేధం. పల్లెల్లో వేరు. 1184లో ఆ దారిన వెళ్లిన అందలూసియా ముస్లిం యాత్రికుడు ఇబ్న్ జుబైర్ తిబ్నీన్ నుంచి అక్కా అనే రేవు పట్టణానికి పోయే దారిలో చూసింది రాశాడు: కోతకాలంలో పంటలో సగం, తలకు ఒక దీనారు ఐదు కిరాత్‌లు, పండ్ల చెట్ల మీద కొద్దిపాటి పన్ను. దీనారుకు 24 కిరాత్‌లు. ఇళ్లూ వాకిళ్లూ వాళ్ల చేతిలోనే ఉన్నాయట. పక్కనున్న ముస్లిం ప్రభువుల కింద రైతులు ఇంతకంటే కష్టపడుతున్నారని ఆయన బాధ. ఈ భాగం అందరూ ఎత్తి చూపిస్తారు. ఒకే మనిషి, ఒకే దారి, కొన్ని రోజుల ప్రయాణం అని పక్కన రాసుకో.

దానికి ఎదురుగా నాబ్లస్ పెట్టు. అక్కడి ప్రభువు ఇబ్న్ బర్జాన్ (మిరాబెల్‌కి చెందిన బాల్డ్విన్) మిగతావాళ్లు ఒక దీనారు తీసుకునే చోట నాలుగు దీనార్లు తీసుకున్నాడని, కాళ్లు నరికించేవాడని ఆ ప్రాంతం నుంచి వెళ్లిపోయిన హన్బలీ (ఇస్లాంలో ఒక ధర్మశాస్త్ర శాఖ) కుటుంబాల చరిత్ర చెప్తుంది. జమ్మాయీల్ అనే ఊళ్లో అహ్మద్ ఇబ్న్ ఖుదామా అనే పండితుడు శుక్రవారం ప్రసంగం చేస్తే చుట్టుపక్కల రైతులు వచ్చేవాళ్లు. వీడు రైతుల పని చెడగొడుతున్నాడని ప్రభువుకి ఫిర్యాదు వెళ్లింది. చంపిస్తాడని తెలిసి 1156లో ఆయన దమాస్కస్ పారిపోయాడు, వెనకాలే బంధువర్గమంతా పల్లెలు వదిలి జోర్డాన్ దాటింది. దమాస్కస్ కొండవాలు మీద సాలిహియ్యా పేట వాళ్లదే. చూశావా, ఫిర్యాదు మతం మీద కాదు, పోయిన పనిరోజు మీద.

బైరాగిపట్టెడ

ఇద్దరికీ చాలా థాంక్స్ సార్. తుదేలా, లుచేరా రెండూ తప్పకుండా పెడతాను. ఇంకా మూడు సందేహాలు. ఖాజీ ఇచ్చిన తీర్పుని అమలుచేసేది ఎవరు? అజాన్ ఇవ్వనిచ్చారా? అంతా పన్ను మీదే నడిస్తే 1502లో కాస్టీల్ వాళ్లు ముస్లింలని మతం మారండి లేదా పొండి అని, పన్ను కట్టే జనాన్ని ఎందుకు వదులుకున్నారు? మా మేడమ్ ఈ మూడోది తప్పకుండా అడుగుతారు.

కోనేటిగట్టు

మూడో ప్రశ్న సరైన చోట పడింది. పై ఇద్దరి మాటతో నాకు ముప్పావు వంతు ఏకీభావం, పావు వంతు పేచీ. రాబడి ఎన్నాళ్లు నిలబెట్టిందో చెప్తుంది గానీ, వాళ్ల చుట్టూ గోడలు ఎవరు కట్టారో చెప్పదు. ఆ గోడలు చర్చి సభల నుంచి వచ్చాయి. 1215 నాలుగో లాటరన్ సభ: యూదులూ సారసీనులూ వేషంలో తేడాగా కనిపించాలి. కారణం కూడా అదే రాసింది, తెలియక క్రైస్తవులతో శారీరక సంబంధం పెట్టుకుంటున్నారని. 1311-12లో వియెన్ సభ: క్రైస్తవుల దేశాల్లో ఎత్తయిన చోటు నుంచి అజాన్ ఇవ్వకూడదు, వలీల (ముస్లిం పుణ్యపురుషుల) సమాధులకు జనం పోకూడదు.

అజాన్ సంగతి అక్కణ్నుంచి మొదలుపెట్టు. వలెన్సియా పల్లెల్లో అప్పటిదాకా అజాన్ వినిపించేది. అరగోన్ రాజు రెండో జేమ్స్ 1318లో నిషేధం అమలుకి ఆజ్ఞ ఇచ్చాడు. కానీ పల్లె ప్రభువుదైతే ప్రభువు చూసీ చూడనట్టు పోయేవాడు, రాజుదైతే సడలింపులు బేరానికి వచ్చేవి. కొన్నిచోట్ల గొంతెత్తకుండా, కొన్నిచోట్ల బూర ఊది జనాన్ని పిలిచేవాళ్లు. అందుకే నిషేధం మళ్లీ మళ్లీ జారీ అయింది. ఒకే ఆజ్ఞ పదే పదే కనబడితే అది సరిగ్గా అమలు కాలేదని అర్థం. చట్టం చదివి "ఇలాగే జరిగింది" అని రాసెయ్యడం ఈ టాపిక్‌లో విద్యార్థులు ఎక్కువగా చేసే తప్పు.

ఇక కోర్టులు. అరగోన్ రాజ్యంలో ప్రతి ముస్లిం సమాజానికీ అల్‌జమా అనే కట్టుబాటు సంఘం ఉండేది. దానికి ఖాజీ, పన్ను పంచి వసూలు చేసి రాజుకి జమకట్టే అమీన్, కొందరు పెద్దలు. ఇద్దరూ ముస్లింలైతే తీర్పు ఖాజీది, సున్నా (అంటే ఇస్లాం ధర్మం) ప్రకారం. ఒకరు క్రైస్తవుడైతే తగవు రాజు అధికారి దగ్గరికి పోతుంది; వలెన్సియాలో అది బైలీ. ముస్లిం ప్రమాణం చేసేటప్పుడు ఖిబ్లా (మక్కా దిక్కు) వైపు తిరిగి చేసేవాడు, క్రైస్తవ కోర్టు దాన్ని ఒప్పుకునేది.

అసలు గమనించాల్సింది అమలు దశ. శిక్ష ఏదో ఖాజీ చెప్తాడు, అమలుచేసే అధికారం రాజుది. కొరడా దెబ్బల శిక్ష పడ్డవాడు డబ్బు కట్టి తప్పించుకోవచ్చు, ఆ డబ్బు రాజుకి పోతుంది. వ్యభిచారం కేసులో ముస్లిం స్త్రీకి సున్నా ప్రకారం చావో కొరడా దెబ్బలో పడితే, దాన్ని మార్చి ఆమెను రాజు బానిసగా చేసేవాళ్లు. ఆపైన ఆమెను అమ్మొచ్చు, ఎవరికైనా బహుమతిగా ఇవ్వొచ్చు. "ముస్లింలకు సొంత న్యాయం ఉండేది" అన్న వాక్యం రాసేటప్పుడు దాని కిందే ఈ సంగతీ రాయి. సొంత న్యాయం ఉండేది, దాని నుంచి రాబడి మాత్రం రాజుది. ఈ ఒక్క చోట నా పేచీ కంటే పై ఇద్దరి రాబడి సూత్రమే ఎక్కువ పనికొస్తుంది.

మతాల మధ్య సంబంధం విషయంలో సమానం అనే మాటే లేదు. కాస్టీల్‌లో పదో అల్ఫోన్సో రాయించిన ఏడు భాగాల ధర్మశాస్త్రం ఏడో భాగంలో, ముస్లిం పురుషుడు క్రైస్తవ కన్యతో పట్టుబడితే రాళ్లతో కొట్టి చంపాలంది. క్రైస్తవ పురుషుడు ముస్లిం స్త్రీతో ఉంటే అంత పట్టింపు లేదు. అరగోన్‌లో అయితే నష్టపోయేది ఆ స్త్రీయే, ఆమె రాజు బానిస అయ్యేది. అదే శాస్త్రం బలవంతంగా మతం మార్చకూడదనీ చెప్తుంది. రెండూ ఒకే గ్రంథంలో ఉన్నాయి, రెండూ చెప్పు.

రాజు కాపాడదలచినా ప్రతిసారీ కాపాడగలడనుకోవద్దు. 1455లో వలెన్సియా నగరంలో మూక ముస్లింల పేటను దోచింది. రాజు ఐదో అల్ఫోన్సో అప్పుడు నేపుల్స్‌లో ఉన్నాడు.

పదవుల విషయంలో హంగరీ ఒక్క వాక్యం: అక్కడ ముస్లింలు రాజు టంకశాల, ఉప్పు, సుంకాల పదవుల్లో ఉండేవాళ్లు. 1222 బంగారు శాసనం ఆ పదవులు దేశంలోని పెద్దింటివాళ్లకే దక్కాలని, ఇస్మాయీలీయులకూ (అక్కడ ముస్లింలని పిలిచిన పేరు) యూదులకూ ఇవ్వకూడదని రాయించింది.

కట్టమంచి చెరువు

కోనేటిగట్టు గారి పేచీ న్యాయమైనదే. మూడో ప్రశ్నకి నేను జవాబు చెప్తాను.

1491 నవంబరు ఒప్పందంతో స్పెయిన్‌లో ఆఖరి ముస్లిం రాజ్యం గ్రనడా, కాస్టీల్ రాణి ఇసబెల్లాకీ ఆమె భర్త అరగోన్ రాజు ఫెర్డినాండ్‌కీ లొంగింది, 1492 జనవరి 2న అప్పగించారు. మసీదులు, ఖాజీలు, ఆస్తి, అన్నీ షరతుల్లో ఉన్నాయి. 1499 చివర్లో ఆర్చిబిషప్ సిస్నెరోస్ వచ్చి ఒత్తిడి చేసి బాప్తిస్మాలు ఇప్పించడం మొదలుపెట్టాడు, గ్రనడాలోని అల్బైసిన్ పేట తిరగబడింది. తిరగబడ్డారు కాబట్టి ఒప్పందం చెల్లదన్నారు. మూర్సియా వరసే. 1502 ఫిబ్రవరి ఆజ్ఞ కాస్టీల్ ముస్లింలందరికీ వచ్చింది: మతం మారండి లేదా వెళ్లండి. వెళ్లే దారి కూడా ఉత్తరాన బిస్కే రేవుల గుండానే, బంగారం వెండి తీసుకుపోకూడదు. దక్షిణాన సముద్రం పక్కనే ఉంటే ఉత్తరానికి పొమ్మన్నారంటే, వెళ్లనివ్వడం వాళ్ల ఉద్దేశం కాదు. మారేలా చేయడమే ఉద్దేశం.

ఇక పన్ను. కాస్టీల్‌లో గ్రనడా తప్పిస్తే ముస్లింలు అక్కడక్కడా పట్టణాల్లో చిన్న చిన్న సంఖ్యలో ఉండేవాళ్లు, వాళ్ల కోసం నిలబడే పెద్ద ప్రభువుల వర్గం లేదు. మారినా పొలంలోనే, కొలిమి దగ్గరే ఉంటారు కాబట్టి రాజుకి పెద్ద నష్టమూ లేదు. అరగోన్‌లో ఇదే ఫెర్డినాండ్ రాజు. కానీ అక్కడ ప్రభువులు 1510లో మోన్‌సోన్ సభలో ఆయన చేత ప్రమాణం చేయించుకున్నారు, తమ ముస్లింలను తరమననీ బలవంతంగా మార్చననీ. ఒకే రాజు, ఒకే మతం, పక్కపక్క రాజ్యాలు, ఫలితం వేరు. "ఎంత మంది మూర్లుంటే (ముస్లింలుంటే) అంత లాభం" అని స్పెయిన్‌లో సామెతే ఉంది.

ఆ రక్షణే వాళ్లకి ముప్పు తెచ్చింది. 1519లో మొదలైన వలెన్సియా చేతివృత్తి సంఘాల తిరుగుబాటులో జనం కోపం ప్రభువుల మీద. ప్రభువుల పక్షాన పోరాడినవాళ్లు వాళ్ల ముస్లిం రైతులు. 1521లో తిరుగుబాటుదారులు పల్లెల మీద పడి వేలమందికి బలవంతంగా బాప్తిస్మం ఇచ్చారు. క్రైస్తవుడైతే ప్రభువుకి ముస్లింగా కట్టే అదనపు బకాయిలు కట్టనక్కర్లేదు, అదీ దెబ్బ. తిరుగుబాటు అణిగాక ఆ బాప్తిస్మాలు చెల్లుతాయా అని విచారణ పెట్టి, 1525లో చెల్లుతాయని తేల్చారు. ఆ వెంటనే ఫెర్డినాండ్ తర్వాత రాజైన మనవడు ఐదో చార్లెస్ మిగిలినవాళ్లకీ ఆజ్ఞ ఇచ్చాడు. 1526కి అరగోన్ రాజ్యంలోనూ చట్టం దృష్టిలో ముస్లింలు లేరు.

ఇక్కడ పేర్లు కలిపెయ్యకు. మతం మారకముందు క్రైస్తవ రాజు కింద ఉన్నవాళ్లు ముదేహర్లు. 1500-1526 మధ్య మార్పిడి తర్వాత వాళ్లూ వాళ్ల పిల్లలూ మోరిస్కోలు. 1609-1614లో తరిమింది మోరిస్కోలను. నీ టాపిక్ మధ్యయుగం కాబట్టి ముదేహర్ల దగ్గర ఆగు. 1609 ఒక్క వాక్యం చాలు.

బైరాగిపట్టెడ

అర్థమైంది సార్. ఆఖరి ప్రశ్న. ఇంత తెలిసీ వాళ్లు ముస్లిం రాజ్యాలకు ఎందుకు వెళ్లిపోలేదు? తుదేలా పత్రంలో వెళ్లొచ్చని ఉంది కదా.

కోనేటిగట్టు

కాగితం మీద హక్కు ఉంది. వెళ్లాలంటే వలెన్సియాలో బైలీ దగ్గర అనుమతి చీటీ తీసుకోవాలి, తలకి ఒక బెసాంట్ (అప్పటి నాణెం) కట్టాలి, తీసుకెళ్లే సొమ్ములో పదో వంతు కట్టాలి, ఆపైన ఓడ బాడుగ. పొలాన్ని మోసుకుపోలేరు. అమ్మాలంటే కొనేవాడు ప్రభువు మనిషే, ధర అతను చెప్పిందే. రైతు పోతే పన్ను పోతుందని ప్రభువులు వలసకి అడ్డుపడుతూనే ఉండేవాళ్లు. కలిగినవాళ్లు, చదువుకున్నవాళ్లు ముందే పోయారు. కోరుకు దున్నేవాడు, కుమ్మరి, నేతగాడు మిగిలారు.

వాళ్ల పండితుల మధ్య కూడా మాట ఒకటి కాదు. ట్యునీషియా తీరంలోని మహదియాలో ఉన్న అల్ మాజరీని సిసిలీ ఖాజీల గురించి అడిగారు: అవిశ్వాసి రాజు నియమించిన ఖాజీ తీర్పు, అతను ధ్రువీకరించిన సాక్ష్యం చెల్లుతాయా అని. చెల్లుతాయన్నాడు. జనానికి న్యాయం చెప్పేవాడు కావాలి, అవసరం వల్ల ఆ నియామకాన్ని ఒప్పుకోవాలన్నాడు. ఆయన 1141లో చనిపోయాడు. మూడున్నర శతాబ్దాల తర్వాత మొరాకోలోని ఫెజ్‌లో అల్ వన్షరీసీ దగ్గరికి స్పెయిన్‌లోని మార్బెల్లా నుంచి ఒక ప్రశ్న వచ్చింది. ఒక ముస్లిం అక్కడే ఉండిపోదలిచాడు, సొంత లాభానికి కాదు. అధికారుల దగ్గర ముస్లింల తరఫున మాట్లాడి, చిక్కుల్లో పడ్డవాళ్లను విడిపించేవాడు అతనొక్కడే, పోతే వాళ్లకి దిక్కు లేదు. ఉండొచ్చా? కుదరదు, వెళ్లి తీరాలి అన్నాడు అల్ వన్షరీసీ.

కాస్టీల్‌లో ఉండిపోయినవాళ్లకి మూడో దారి చూపినవాడు సెగోవియా ముఫ్తీ ఈసా ద జెబిర్. అరబ్బీ మర్చిపోతున్న తన జనం కోసం 1462లో ఇస్లాం విధులన్నీ కాస్టీల్ భాషలోనే సంగ్రహంగా రాశాడు. అరగోన్‌లో ఇంకొందరు స్థానిక రొమాన్స్ భాషనే అరబ్బీ లిపిలో రాసుకున్నారు. ఆ రాతల్ని అల్‌హమియాదో అంటారు.

మేడమ్ గనక "వాళ్లేమీ చేయలేదా" అని అడిగితే మాజరీ, వన్షరీసీ, సెగోవియా ముఫ్తీ ముగ్గురినీ ఈ వరసలోనే చెప్పు. తేదీలు మాత్రం తారుమారు కానివ్వకు. 1141కి ముందు సిసిలీలో క్రైస్తవ రాజు కింద ఉన్నది పెద్ద జనాభా, 1462 నాటికి కాస్టీల్‌లో మిగిలింది చెదురుమదురు పేటలు. ఒకాయన పెద్ద సమాజాన్ని నడపడం గురించి చెప్తున్నాడు, ఇంకొకాయన ఒక కుటుంబం ఇంట్లో ఏం గుర్తుపెట్టుకోవాలో చెప్తున్నాడు.